మా ఆడపడుచు ఎడమ కిడ్నీ

ఆయన కళ్లజోడు నా చేతిలో ఉంది, పెళ్లి ఉంగరం నా పర్సులో ఉంది, ఆయన ఆ రెండు రెక్కల తలుపు వెనకాల ఉన్నారు, పక్క గదిలో ఆయన చెల్లెలు ఉంది, గోడ గడియారంలో పదకొండూ పది. ఆమెను ఎనిమిదింటికి తీసుకెళ్లారు, ఈయనను తొమ్మిదిన్నరకి. ఈపాటికి ఆమె కిడ్నీ తీసేసి ఉంటారు. తీసి, కడిగి, మంచు గిన్నెలో పెట్టి ఆ గదిలోంచి ఈ గదిలోకి తెస్తారట, డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించారు, రెండు గదుల మధ్య ఒకటే తలుపు, మహా అయితే పన్నెండు అడుగులు. తొమ్మిదేళ్లుగా మా గడప తొక్కని మనిషి పన్నెండు అడుగుల్లో నేరుగా ఆయన ఒంట్లోకి వెళ్లిపోతోంది. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన నేను బయట స్టీలు కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ చల్లగా ఉంది, దాని చేతి మీద ఎవరో తాళంచెవితో గీకిన గీతలున్నాయి, వాళ్లూ ఇలాగే ఎవరికోసమో కూర్చుని భయంతో గీకి ఉంటారు. నాది భయం ఒక్కటే కాదు. భయం కింద ఇంకోటి ఉంది. పొద్దున్నుంచీ దాన్ని కూడా భయమనే పిలుస్తున్నాను, అది పలకడం లేదు. కుళ్లు అని పిలిస్తే పలికింది.

ఇలాంటివాటిని అసలు పేరుతో పిలవాలని నలుగురికీ చెప్పేదాన్ని నేనే. రోజూ పొద్దున ఆరింటికి ఫోను నోటి దగ్గర పెట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడతాను, మా సంఘంలో నలభై మూడు మంది ఆడవాళ్లు వింటారు, దానికి ఉదయపు మాట అని పేరు కూడా వాళ్లే పెట్టారు. పదేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. నాది పెద్ద చదువేం కాదు, బైబిల్లోంచి ఒక ముక్క, ఇంట్లోనో షాపులోనో జరిగినది ఒక ముక్క, రెండూ కలిపి కుట్టేస్తాను. మాది కళ్లజోళ్ల షాపు, మావారు అద్దాలు అరగదీస్తారు, నేను ఫ్రేములకు మరలు బిగిస్తాను, అందుకే కంట్లో నలుసు, కంట్లో దూలం గురించి నాలాగా ఇంకెవరూ చెప్పలేరని పాస్టరమ్మ అంటారు. ఈ రోజు మాత్రం మాట పంపలేదు. ఇందాక ఫోను మోగింది, నర్సరీ టీచరమ్మ. అక్కా, మాట రాలేదు, ఫర్వాలేదు, అందరం ప్రార్థనలో ఉన్నాం, మీ ఆడపడుచు ఎంత గొప్ప మనిషి! దాని కింద వరసగా మిగతావాళ్లు. దేవత. త్యాగమూర్తి. ఇలాంటి ఆడపడుచు ఎవరికి దొరుకుతుంది. ఒక్కరంటే ఒక్కరు, నాలుగేళ్లు నువ్వెలా లాక్కొచ్చావమ్మా అని అడిగితే ఏం పోయింది? ఫోను బోర్లా పెట్టేశాను.

మాట చెప్పాలంటే ఈ రోజు ఏం చెప్పాలి. కయీను గురించి చెప్పొచ్చు. అన్నదమ్ములిద్దరూ దేవుడికి కానుక తెచ్చారు, తమ్ముడి కానుక నచ్చింది, అన్నది నచ్చలేదు, అన్న ముఖం మాడ్చుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పానో ఈ కథ, ప్రతిసారీ కయీనుదే తప్పని తేల్చేశాను, అరిచేతిలో ఉసిరికాయంత స్పష్టంగా. ఆ అన్న తెచ్చింది కూరగాయలని ఇప్పుడు గుర్తొస్తోంది. చేలో పండినవి, వంగి, తవ్వి, నీళ్లు పోసి పెంచినవి. తమ్ముడు తెచ్చింది మాంసం. నాలుగేళ్లుగా నేనూ కూరగాయలే కదా చేశాను దేవా, కిడ్నీ పోయినవాళ్లకి కూరల్లో ఉప్పులు పనికిరావంటే ముక్కలు కోసి గంటలు గంటలు నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు వంపేసి, మళ్లీ ఉడకబెట్టి, రుచీ పచీ లేని ఆ ముద్దని ఆయన ముందు పెట్టి, ఆయన మొహం చిట్లిస్తే నేనూ అదే తిని. రోజుకి ముప్పావు లీటరు నీళ్లు, మందులు మింగేటప్పటి గుక్కతో సహా. వారానికి మూడు రోజులు డయాలిసిస్, నాలుగేసి గంటలు, ఆ యంత్రం పక్కన మడత కుర్చీ, నేను కుట్టుపని పట్టుకుని. రక్తం తీసేందుకు ఆయన ఎడమ చేతిలో రెండు నరాలు కలిపారు, దాని మీద చెయ్యి వేస్తే ఝుమ్మని తుమ్మెదలా మోగుతుంది, రాత్రుళ్లు దాని మీద అరచెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని, ఆగిపోతుందేమోనని. అవన్నీ కూరగాయలు. ఆమె ఒక సంచీతో బస్సు దిగి మాంసం ఇచ్చింది, తన ఒంట్లోంచి కోసి. దేవుడు ఎటు చూస్తాడు మరి.

నేను ఇవ్వననలేదు. అందరికంటే ముందు జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది నేనే, నాది తీసుకోండి అని. డాక్టరు నా రక్తం కాగితం చూసి నవ్వారు, మంచి మనిషే, హేళన కాదు. "అమ్మా, మీది ఏబీ. మీరు ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు, మీవారికి మాత్రం ఇవ్వలేరు. ఆయనది ఓ. ఆయన అందరికీ ఇవ్వగలరు, ఓ ఉన్నవాళ్ల దగ్గర తప్ప తీసుకోలేరు." అంటే దేవుడు నన్ను పుట్టించినప్పుడే, ఇది తీసుకునే రకం అని చీటీ రాసి పంపించాడన్నమాట. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మావారు, అందుకే కాబోలు మా ఇంటికి వచ్చినప్పట్నుంచీ నా బుర్ర తినేస్తున్నావు అని జోకు వేశారు, నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. పెళ్లిళ్లలో నేను మాట చెప్పాల్సి వస్తే ఆదాము పక్కటెముక గురించే చెబుతాను, వాడి ఎముకలోంచి వచ్చిన ఎముక ఆమె, వాడి మాంసంలోంచి వచ్చిన మాంసం ఆమె, ఇక ఇద్దరు కారు, ఒకే శరీరం, అని. పెళ్లికూతుళ్లు తల దించుకుంటారు, ముసలమ్మలు కళ్లొత్తుకుంటారు. ఒకే శరీరం! నిపుణులొచ్చి పరీక్ష చేసి, కాదమ్మా, మీకు ఆయనకు పొత్తు కుదరదు, ఆ అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకే మాంసం అని కాగితం మీద ముద్ర వేసి ఇచ్చారు. ఇంక రేపట్నుంచి ఆయన తాగే ప్రతి గుక్కా ఆమెలోంచి పోవాలి. ఆయన నా పక్కన పడుకున్నా సరే, మధ్యలో ఆమె ఉంటుంది, పిడికిలంత.

పిచ్చుక. ఆయన ఆమెను పిచ్చుకా అని పిలుస్తారు, చిన్నప్పటి పిలుపు. నన్ను ఏమోయ్ అంటారు. మూడు నెలల కిందట ఆమె ఫోను చేసింది, తొమ్మిదేళ్ల తర్వాత, నేనిస్తానన్నయ్యా అని. నాలుగేళ్లలో సూదులకు, దురదకు, దాహానికి ఒక్కసారి కూడా నా ముందు ఏడవని మనిషి, పిచ్చుకా అని ఒక్క మాట అని, షాపులో గిరాకీ ముందే, అద్దం అరగదీసే మిషను పక్కన నిలబడి బావురుమన్నారు. ఫోను పెట్టేసి నా వైపు చూశారు. బతుకుతానని తెలిసిన మనిషి చూపు అది. ఆ చూపు ఎప్పుడొస్తుందా అని నాలుగేళ్లు ఎదురుచూశాను, తీరా వచ్చేసరికి దాన్ని తెచ్చింది నేను కాదు. దేవునికి స్తోత్రం అన్నాను పైకి. నోరు అలవాటుగా అనేసింది.

తొమ్మిదేళ్లు ఎందుకు మాటల్లేవో ఎవరడిగినా నేను సరిగా చెప్పను. మా అత్తగారు పది నెలలు మంచంలో ఉన్నారు, ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది నేను. ఆ చివరి రోజున కూతురు వచ్చింది, వాళ్లాయనకి దూరపు ఊరి బస్సు డ్యూటీ, పిల్ల చిన్నది, నిజమే. కానీ వారం నుంచి కళ్లు తెరవని ఆవిడ కూతురి చెప్పుల చప్పుడుకి కళ్లు తెరిచింది. నవ్వింది. పది నిమిషాలు. కూతురి చెయ్యి పట్టుకునే పోయింది, నా చేతిలో అప్పటికి తడి గుడ్డ ఉంది. సమాధి దగ్గరనుంచి వచ్చాక అందరూ ఆమెను ఓదారుస్తుంటే నాకు ఆగలేదు, బైబిలే అందుకున్నాను, నా దగ్గర ఇంకేం ఆయుధం ఉంది గనుక. ద్రాక్షతోటలో పొద్దున్నుంచీ ఎండలో పనిచేసినవాళ్లకూ, సాయంత్రం ఒక్క గంట చేసినవాళ్లకూ యజమాని ఒకే కూలి ఇచ్చిన కథ లేదూ, అది. "పది నెలలు నేను చేశాను, చివరి గంటకు వచ్చి పూర్తి కూలి పట్టుకుపోతున్నావు," అన్నాను అందరి ముందూ. ఆమె సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆమెను చూడటం ఈ ఆసుపత్రిలోనే, పరీక్షలప్పుడు. బాగున్నావా వదినా, బాగున్నాను, అంతే. మా ఇంటికి రాలేదు, వాళ్లాయన బంధువుల ఇంట్లోనే దిగింది. మళ్లీ చివరి గంటకే వచ్చింది, మళ్లీ పూర్తి కూలి.

నేల తుడిచే ఆమె, కాళ్లెత్తండి అంది, ఎత్తాను. మందు వాసన. నీళ్ల యంత్రం గుడగుడలాడి ఊరుకుంది. ఏం తోచక ఆయన కళ్లజోడు పెట్టుకున్నాను, మైనస్ ఆరు పవరు, లోకమంతా చిన్నదైపోయి దూరం జరిగింది, తలుపు అగ్గిపెట్టెంత, లైటు ఆవగింజంత, ఎదుటి గోడ మూలన కుర్చీలో ఒక చిన్న మనిషి ముడుచుకుని కూర్చున్నాడు, ఒళ్లో ప్లాస్టిక్ సంచీ, సంచీలో ఆడవాళ్ల చెప్పులు. కళ్లజోడు తీశాను. మా ఆడపడుచు భర్త. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు, నమస్కారం పెట్టాడు, నేనూ పెట్టాను, తర్వాత నా కళ్లకు ఆనలేదు. ఆ తలుపు వెనకాల అతని మనిషీ ఉందని, ఏ జబ్బూ లేకుండా నడిచి వెళ్లి బల్ల ఎక్కిందని, ఆమెకేమన్నా అయితే అని ఇంతసేపట్లో నాకు ఒక్కసారీ తట్టలేదు. లేచి వెళ్లి పక్క కుర్చీలో కూర్చున్నాను.

"అన్నయ్యగారూ, కాస్త కాఫీ అయినా తాగండి."

"గొంతు దిగదు చెల్లెమ్మా," అన్నాడు. చెప్పుల సంచీని ఇటు నుంచి అటు తిప్పాడు. నా వైపు చూడకుండా, "మా ఆవిడ నాకు ముందు చెప్పలేదండీ. పరీక్షలన్నీ చేయించుకుంది. భర్త సంతకం కావాలన్నాక చెప్పింది. ఇరవై ఏళ్లుగా బస్సు తోలుతున్నాను, బ్రేకు మీద కాలు నాదే. ఈసారి బండి ఆవిడ తోలింది, నేను వెనక సీట్లో కూర్చున్నాను," అన్నాడు.

నేను మావారి కళ్లజోడు మడిచి పర్సులో పెట్టాను.

"మీరేం అనుకోకపోతే ఒక మాట. నాకు మీ ఆయన మీద ఒళ్లు మండిపోతోంది. పాపం ఆయనేం చేశాడు, జబ్బు మనిషి, తెలుసు. అయినా మండుతోంది. అన్నయ్య అంటే చాలు, ఈవిడకి ఇంకేం కనబడదు. సిగ్గు విడిచి అడిగేశాను, రేపు నాకే ఈ జబ్బొస్తే ఇస్తావా అని."

"ఏమంది?"

"ఇంకోటి ఉంటుందిగా, అది నీకే, అంది." అతను నవ్వబోయాడు, నవ్వు సగంలో వంకర తిరిగింది, జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. నాకెందుకో అతన్ని చూస్తే ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. లోకంలో నేనొక్కదాన్నే అనుకున్నాను ఇంతసేపూ, నా పక్క కుర్చీలో ఒక బస్సు డ్రైవరు అదే కడుపుమంటతో చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అంతా మీ వల్లే వచ్చింది లెండి," అన్నాడు మళ్లీ.

"నా వల్లా?"

"మీరు పొద్దున్నే ఫోనులో ఏదో చెబుతారుగా. నర్సరీ టీచరమ్మ మా ఆవిడతో చదువుకుంది, రోజూ పంపిస్తుంది. నేను డ్యూటీకి బయల్దేరే వేళకి మా వంటింట్లో మీ గొంతే. తొమ్మిదేళ్లుగా వింటున్నాను మిమ్మల్ని, మీకు జలుబు చేస్తే కూడా మాకు తెలుస్తుంది. జలుబుతోనే చెప్పారు ఆ కథ. ఎవరో నడవలేని మనిషిని నలుగురు మోసుకొస్తే తలుపు దగ్గర జనం దారివ్వలేదని ఇంటి పైకప్పు విప్పి ప్రభువు ముందుకి దింపారు చూడండి, అది."

గుర్తులేదు. తర్వాత గుర్తొచ్చింది. ముక్కు కారుతుంటే, ఏదో ఒకటి చెప్పి ముగిద్దామని, ముందుగా ఏమీ ఆలోచించకుండా చెప్పిన మాట. మోసుకొచ్చిన నలుగురినీ అందరూ మెచ్చుకుంటారు, స్వస్థత పొందినవాణ్ని చూసి ఆశ్చర్యపోతారు, ఆ ఇల్లెవరిదో ఎవరూ అడగరు, నెత్తిన పెళ్లలు రాలుతుంటే ఆ ఇంటాయన నోరెత్తినట్టు ఎక్కడా లేదు, అతనికి ఏ పేరూ రాలేదు, కప్పు మాత్రం పోయింది. ఇంతే. ఆ రోజు ఎవరూ బాగుందని కూడా అనలేదు.

"అది విని రెండు రోజులు మాట్లాడలేదు మా ఆవిడ. మూడో రోజు నా క్యారియరు సర్దుతూ, మన కప్పు కాస్త విప్పితే మా అన్నయ్య దిగుతాడేమోనండీ, మళ్లీ కుట్టేస్తారటగా, అంది. ఏం మాట్లాడుతోందో నాకు అర్థం కాలేదు. ఇంటి రిపేరు అనుకున్నాను."

నా మనసు ఎంత నీచమో అప్పుడు చూశాను. ఆ మాట చెవిన పడగానే మొదట లేచింది ఏడుపు కాదు, కృతజ్ఞత కాదు, ఓహో, అయితే నా మాట వల్లేనన్నమాట! అని ఒక చిన్న జెండా. నలభై మూడు మందికీ ఈ సంగతి ఎలా తెలియజేయాలా అని అప్పుడే వాక్యం కూడా కూర్చుకుంటోంది, వినయంగా, కీర్తి దేవునికే అన్నట్టు వినబడేలా. వంటింట్లో నిలబడి తొమ్మిదేళ్లు నా గొంతు విన్నది ఆమె, నా ఇంట్లో ఆమె పేరెత్తితే గిన్నెలు చప్పుడు చేసింది నేను. చెప్పినదాన్ని చెప్పి మర్చిపోయాను. విన్నది వెళ్లి బల్ల మీద పడుకుంది. ఆ జెండాని పట్టుకుని కిందకి లాగాను, అది లాగేకొద్దీ మళ్లీ లేస్తోంది, అంతలో తలుపు ఒక రెక్క తెరుచుకుని నర్సు తల బయటపెట్టింది.

"డోనర్ తాలూకు ఎవరండీ? ఒక్కరే రావాలి."

అతను లేచాడు, రెండడుగులు వేశాడు, గోడ పట్టుకున్నాడు. "మీరెళ్లండి చెల్లెమ్మా. ఆ గొట్టాలవీ చూస్తే నేను నిలబడలేను. నాకింకో మంచం వెతకాలి వాళ్లు." నేను తటపటాయించాను. మావారిని ఏ నిమిషమైనా బయటికి తెస్తారు, నేనిక్కడ లేకపోతే ఎలా? అతను చెప్పుల సంచీ నాకు ఇచ్చి, అది ఇప్పుడెందుకో తనకే తెలియక మళ్లీ తీసుకున్నాడు. వెళ్లాను.

ఆకుపచ్చ గౌను కట్టారు నాకు, టోపీ పెట్టారు. లోపల చలి. మూడో మంచం మీద మావారు పడుకుని ఉన్నారు. కాదు, ఆమే. అదే కనుబొమ్మ, నిద్రలో అదే ముడి, పెదవి ఓ పక్కకి జారడం అచ్చు అలాగే, ఇన్నేళ్లలో ఆ ముఖం వంక నేను నిదానంగా చూసిందెప్పుడు గనుక. ఎంత చిన్నగా అయిపోయింది. పెదాలు ఎండి పొట్టు లేచాయి. కళ్లు సగం తెరిచింది.

"వదినా?"

"నేనే."

"మా ఆయన?"

"బయట. కాళ్లు చల్లబడ్డాయి."

"పిల్ల పుట్టినప్పుడూ అంతే," అంది, నాలుక మడత పడుతోంది. "అన్నయ్య?"

"ఇంకా లోపలే."

కళ్లు మూసుకుంది. నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాను, నీ రుణం తీర్చుకోలేం, నువ్వు దేవతవి, ఆ నలభై మూడు మందీ రాసినవన్నీ. ఒక్కటీ రాలేదు. "నీ మీద నాకు కుళ్లుగా ఉందే," అన్నాను. సెలైను చూస్తున్న నర్సు చెయ్యి ఆగింది.

మత్తులో ఉంది, వినబడలేదేమో అనుకున్నాను. తర్వాత, కళ్లు తెరవకుండానే, "నాకైతే నీ పెళ్లి రోజు నుంచీ ఉంది నీ మీద," అంది. "నన్ను రోజూ సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్లేవాడు. నువ్వొచ్చావు, ఆ సీటు నీకిచ్చేశాడు. నన్ను బస్సులో వెళ్లమన్నాడు. బస్సు వాణ్నే చేసుకోవాల్సి వచ్చింది చివరికి."

నవ్వొచ్చింది నాకు, ఆపుకోలేక, ముక్కులోంచి. దానికీ వచ్చింది. "నవ్వించకు వదినా, చచ్చిపోతాను, కుట్లు లాగుతున్నాయి," అంటూ ఏడుస్తూ నవ్వింది, నేను దాని పొట్ట మీద దుప్పటిని గట్టిగా అదిమిపట్టుకున్నాను, అలా పట్టుకుంటే నొప్పి తగ్గుతుందని నర్సు చెప్పింది. నా చేతి కింద కట్టు, కట్టు కింద ఇప్పుడు ఖాళీగా ఉన్న చోటు.

"ఆ రోజు మీ అమ్మ పోయినప్పుడు నేనన్న మాట," అన్నాను.

"నిజమేగా. చివరి గంటకే వచ్చాను." ఊపిరి తీసుకుంది. "యజమాని ఇస్తున్నాడు, వద్దంటానా? దోసిలి పట్టాను. నువ్వూ పట్టాల్సింది."

ఇంత చిన్న సంగతి పదేళ్ల ఉదయపు మాటల్లో నేనెప్పుడూ చెప్పలేదు. పొద్దున్నుంచీ పనిచేసినవాళ్ల చేతిలోనూ కూలి పడింది ఆ కథలో, నిండు కూలి, నేను పక్కవాళ్ల చెయ్యి చూస్తూ నా చెయ్యి చూసుకోలేదు. అత్తగారు ఆ పది నెలలూ నా పేరే పిలిచారు, నొప్పికీ నన్నే, దాహానికీ నన్నే, ఒక్కోసారి ఊరికే, నేను గదిలో ఉన్నానో లేదో తెలుసుకోడానికి. నేను దాన్ని చాకిరీ అనుకున్నాను.

ఎక్కడో తలుపు చప్పుడు, ఎవరో డాక్టరమ్మ ముఖం మీద గుడ్డ గడ్డం కిందకి లాక్కుంటూ వచ్చింది. "మీరు ఆయన మిసెస్సేనా? బాగా జరిగింది. బిగించి రక్తం వదలగానే రంగు మారింది, బల్ల మీదే మూత్రం వచ్చేసింది. మంచి కిడ్నీ." మూడేళ్లుగా ఆయనకి చుక్క రాలేదు. మంచం ఊచ పట్టుకున్నాను. వంగి దాని చెవిలో చెప్పాను, విన్నావా, వచ్చిందట. కళ్ల చివర్ల నుంచి నీళ్లు జారి టోపీలోకి ఇంకిపోయాయి దానికి. "ఇక జాగ్రత్తగా చూసుకో వదినా," అంది, "మొండిది నా కిడ్నీ. నాకు తెలుసు." చూసుకుంటాను అన్నాను. కుళ్లు పోయిందా అంటే, అబద్ధమెందుకు, పోలేదు, నా లోపల ఒక మూల కూర్చునే ఉంది, కానీ ఇప్పుడు దానికి ఎదురుగా ఇంకో మనిషి కూర్చుంది.

"మీవారిని ఆ పక్క గదిలోకి మారుస్తున్నారమ్మా," అంది నర్సు. "అద్దంలోంచి చూడొచ్చు, రెండు నిమిషాలే, తర్వాత తెర వేసేస్తారు. వెళ్లండి, వెళ్లండి." కదలబోయాను. అది మళ్లీ నిద్రలోకి జారింది, జారుతూ నా చూపుడువేలు పట్టుకుంది, పసిపిల్లలు పట్టుకున్నట్టు, గట్టిగా. విడిపించుకోవచ్చు, తెలియను కూడా తెలియదు దానికి. నర్సు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

"ఒక్క నిమిషం ఉండమ్మా," అన్నాను. "ఇది నిద్రపోనీ."